బీఓ మోటార్ తిరగట్లేదు, బోర్డు వేడెక్కుతోంది – ఎనిమిదో తరగతి ప్రాజెక్టు, సాయం చేయండి

కేఆర్‌పురం_అమ్మ – శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఇంకా పన్నెండు రోజులే ఉంది. "మోటారు, అనలాగ్, డిజిటల్, బైనరీ నాలుగూ ఒకే మోడల్‌లో కనబడాలి" అన్నారట టీచరు. నేను చదివింది బీకామ్. మా ఆయన ఊళ్లో లేరు.

ఇవాళ బెంగళూరు ఎస్పీ రోడ్డుకి పోయి పసుపురంగు బీఓ మోటార్ (బ్యాటరీతో నడిచే చిన్న మోటారు), దాని చక్రం, ఆర్డుయినో ఊనో బోర్డు (కోడ్ ఎక్కించి నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు), జంపర్ వైర్లు, తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ తెచ్చాం. మోటారు వైరు ఒకటి బోర్డులో 3వ పిన్నుకి, రెండోది గ్రౌండుకి పెట్టాం. కోడ్ ఎక్కించగానే మోటారు ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. చేత్తో తోస్తే కొంచెం కదిలి మళ్లీ నిలబడిపోతుంది. బోర్డు మీది పెద్ద నల్ల చిప్పు ముట్టుకుంటే చుర్రుమంది. షాపుకి ఫోన్ చేస్తే "మోటార్ బాగానే ఉంది మేడమ్, మీ కోడే తప్పు" అన్నారు. పాప ఏడుపు ఒక్కటే తక్కువ.

సున్నా_ఒకటి – శనివారం, రాత్రి 9:52

ముందు ఆ మోటారు వైరు పిన్నులోంచి పీకేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

పీకారా? సరే. కోడ్ తప్పు కాదు. ఊనో పిన్ను ఉన్నది కబురు చెప్పడానికి, బరువు మోయడానికి కాదు. ఒక్కో పిన్ను హాయిగా ఇవ్వగలిగేది 20 మిల్లీ ఆంపియర్లు. 40 అంటే దాని ప్రాణం మీదికి వచ్చినట్టే. బీఓ మోటారు ఖాళీగా తిరగడానికే సుమారు 150 లాగుతుంది. బిగుసుకుపోయి నిలబడితే దాదాపు ఒక ఆంపియరు అడుగుతుంది. చిప్పు వేడెక్కక ఏం చేస్తుంది?

మధ్యలో డ్రైవర్ పెట్టాలి, అంటే పిన్ను చెప్పినట్టు సెల్లుల కరెంటుని మోటారుకి ఇచ్చే బోర్డు. ఎస్పీ రోడ్డులో ఎల్298ఎన్ అని ఎర్ర బోర్డు దొరుకుతుంది, పైన నల్లటి హీట్ సింక్ ఉంటుంది. మోటారు ఆపినప్పుడు కాయిల్ నుంచి వచ్చే ఎదురుదెబ్బని తట్టుకునే డయోడ్లు మామూలుగా ఆ బోర్డు మీదే ఉంటాయి. ఆ చదరపు బ్యాటరీ మల్టీమీటర్లకి పనికొస్తుంది, మోటార్లకి కాదు. నాలుగు పెన్సిల్ సెల్లుల హోల్డర్ తీసుకోండి, ఆరు వోల్టులు. డ్రైవర్ అందులో రెండు వోల్టులు తినేస్తుంది, మిగిలిన నాలుగుతో ఈ మోటారు బాగానే నడుస్తుంది.

ఇంకోటి. సెల్లుల మైనస్, బోర్డు గ్రౌండు రెండూ కలపాలి. నూటికి తొంభైమంది మర్చిపోయేది ఇదే. మొదటిసారి నేనూ మర్చిపోయి రాత్రి రెండింటిదాకా కూర్చున్నా.

పీణ్య_వైండింగ్ – ఆదివారం, ఉదయం 6:15

అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను. ఆ తమ్ముడు చెప్పింది నిజమే కానీ, నిలబడ్డ మోటారు ఎక్కువ కరెంటు ఎందుకు లాగుతుందో చెప్పలేదు. పాపకి అది తెలిస్తేనే మోటారు తెలిసినట్టు.

ఇంట్లో పాత బొమ్మ కారు ఉంటే దాని మోటారు వెనక రేకు చెవులు స్క్రూడ్రైవర్‌తో లేపి విప్పించు. డబ్బా గోడలకి రెండు వంపు అయస్కాంతాలు, మధ్య ఇరుసు మీద మూడు రాగి కాయిళ్లు, ఇరుసు చివర మూడు ముక్కలుగా చీలిన రాగి ఉంగరం, దాన్ని రెండు పక్కలా ఒరుసుకునే రెండు బ్రష్‌లు కనబడతాయి. కాయిల్లో కరెంటు పారితే అది అయస్కాంతం అవుతుంది. గోడ అయస్కాంతం దాన్ని తన వైపు లాగుతుంది. తీరా దగ్గరికి చేరేసరికి బ్రష్ కింద రాగి ముక్క మారిపోతుంది, కరెంటు దిక్కు తిరగబడుతుంది, లాగినదే ఇప్పుడు తోస్తుంది. కూర్చోబోయేసరికి కుర్చీ లాగేసినట్టు. అందుకే ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇక అసలు సంగతి. తిరిగే మోటారు లోపల డైనమో కూడా. తిరుగుతున్నంతసేపూ తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంటుంది, వచ్చే కరెంటుని అదే అదుపులో పెడుతుంది. నిలబడితే ఆ ఎదురు పోతుంది. అప్పుడు అడ్డం ఉండేది రాగి తీగ నిరోధం ఒక్కటే, అది చాలా తక్కువ. బోరులో ఇసుక పట్టి పంపు జామైతే వైండింగ్ మాడిన వాసన వచ్చేది ఇందుకే. ఆ వాసన నాకు అన్నం పెట్టింది.

ఫారడే 1821లో పాదరసం గిన్నెలో వేలాడే తీగని అయస్కాంతం చుట్టూ తిప్పి చూపించాడు. మీ పసుపు మోటారుకి అదే ముత్తాత. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియానికి ఒకసారి తీసుకుపో, అక్కడ పిల్లలు చేత్తో తిప్పి చూడొచ్చు.

హిందూపురం_చిన్నోడు – ఆదివారం, ఉదయం 8:03

మామా, నాదొక డౌటు. మా వర్క్‌షాపులో మోటారు ప్లేటు మీద 1440 అని ఉంటాది. దాంట్లో బ్రష్షులే ఉండవు గదా, అదెట్ల తిరుగుతాది? 1500 అని గుండుగా రాయకుండా ఆ 1440 ఏంది?

పీణ్య_వైండింగ్ – ఆదివారం, ఉదయం 8:40

అది ఇండక్షన్ మోటారు నాయనా. కుర్చీ లాగే పని బ్రష్ చేయదు, మూడు ఫేజుల కరెంటే చేస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. నాలుగు పోళ్ల మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. లోపల తిరిగే భాగానికి, అంటే రోటరుకి, బయట నుంచి కరెంటు ఏమీ ఇవ్వం. క్షేత్రం దాన్ని దాటుకుంటూ పోతేనే దాంట్లో కరెంటు పుడుతుంది. రెండూ ఒకే వేగంతో పోతే దాటడమే లేదు, కరెంటూ లేదు, బలమూ లేదు. అందుకని ఎప్పుడూ కొంచెం వెనకబడే ఉండాలి. ఆ వెనకబాటే 60 చుట్లు.

కేఆర్‌పురం_అమ్మ – సోమవారం, రాత్రి 8:20

తిరిగింది!! డ్రైవర్, సెల్లులు, గ్రౌండు అన్నీ చెప్పినట్టే పెట్టాం. అందరికీ ధన్యవాదాలు. బాబాయ్ గారు చెప్పినట్టు పాత కారు మోటారు కూడా విప్పేసింది, మళ్లీ బిగించడం మాత్రం మావల్ల కాలేదు.

ఇప్పుడు కొత్త చిక్కు. కోడ్‌లో స్పీడు అంకె పెంచుకుంటూ పోయింది. 100 పెడితే మెల్లగా, 200 పెడితే జోరుగా, 255 పెడితే ఇంకా జోరుగా తిరిగింది. 256 పెట్టగానే ఆగిపోయింది! 300 పెడితే కూయ్ మని సన్నగా ఏడుస్తుంది కానీ తిరగదు. మళ్లీ ఏదన్నా కాలిందా?

హిందూపురం_చిన్నోడు – సోమవారం, రాత్రి 8:26

ఏమీ కాల్లేదక్కా. పాత స్కూటర్ మీటరు 99999 దాటితే మళ్లీ సున్నాల కాడికి వస్తాది గదా, అట్ల.

సున్నా_ఒకటి – సోమవారం, రాత్రి 9:05

చిన్నోడు సూటిగా చెప్పాడు. ఆ స్పీడు అంకెని చిప్పులో పెట్టుకునే పెట్టెకి ఎనిమిదే గదులు. ఒక్కో గదిలో 0 లేదా 1. ఎనిమిది గదులనీ నింపే తీరులు 2ని ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే 256. సున్నా నుంచి లెక్కపెడితే ఆఖరుది 255, అది 11111111. దానికి ఒకటి కలిపితే తొమ్మిదో గది కావాలి, అది లేదు. మిగిలింది 00000000. మోటారు ఆగింది. 300లోంచి 256 తీసేస్తే 44. మీరు 300 అన్నారు, అది 44 విన్నది. 44తో ఈ మోటారు కదలదు.

పాప దీన్నే ఎగ్జిబిషన్‌లో చూపించొచ్చు. "256 నొక్కండి, ఏమవుతుందో చూడండి" అని వచ్చినవాళ్ల చేతే నొక్కిస్తే బైనరీ గురించి చార్టు రాయక్కర్లేదు.

ఆ ఏడుపు సంగతి. బోర్డులో ఆ కమాండు పేరు అనలాగ్ రైట్. పేరే అబద్ధం. అది అనలాగ్ ఏమీ రాయదు. 3వ పిన్నుని సెకనుకి సుమారు 490 సార్లు ఐదు వోల్టులకి లేపి సున్నాకి దించుతుంది. 128 పెడితే సగం సేపు పైన, సగం సేపు కింద. మోటారు బరువు మనిషి, అంత తొందరగా ఆగలేదు, అందుకని సగటునే చూస్తుంది. మన చెవికి మాత్రం ఆ 490 వినబడుతుంది. అదే ఆ కూయ్.

హిందూపురం_చిన్నోడు – సోమవారం, రాత్రి 9:11

అన్నా, నమ్మ మెట్రో స్టేషన్లో బయల్దేరేటప్పుడు సంగీతం మాదిరి స్వరం మారతా పోతాది. అదీ ఇదేనా?

సున్నా_ఒకటి – సోమవారం, రాత్రి 9:20

అదీ ఇదే జాతి. పట్టాల పక్కన మూడో పట్టీలో వచ్చేది 750 వోల్టుల డీసీ. రైల్లో మోటార్లకి కావాల్సింది మూడు ఫేజుల ఏసీ. మధ్యలో ఇన్వర్టర్ చకచకా స్విచ్చులు వేసి తీసి ఏసీని తయారు చేస్తుంది. వేగంతోపాటు ఆ లయ మారుతుంది, స్వరమూ మారుతుంది.

మల్లేశ్వరం_మాస్టారు – మంగళవారం, ఉదయం 5:50

నేను తెలుగు పండితుణ్ణి, పదవీ విరమణ చేసి ఇక్కడ అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మోటార్ల సంగతి నాకు తెలియదు. కానీ రెండే గుర్తులు, ఎనిమిది గదులు, 256 తీరులు అనేసరికి ఊరుకోలేకపోయాను.

అమ్మాయికి గణాలు నేర్పారా? గురువు U, లఘువు I. మూడక్షరాల గణాలు ఎనిమిదే, ఏడు కావు, తొమ్మిది కావు. మ, య, ర, త, భ, జ, స, న. "చదువు" నగణం. "మోటరు" అని రాస్తే భగణం, "మోటారు" అని దీర్ఘం తీస్తే తగణం. "బెంగళూరు"లో మొదటి మూడక్షరాలు రగణం. గుర్తుంచుకోవడానికి మా గురువుగారు ఒక మంత్రం చెప్పేవారు: యమాతారాజభానసలగం. ఏ గణం కావాలో ఆ అక్షరంతో మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకుంటే ఆ గణమే వస్తుంది. య-మా-తా IUU, యగణం. రా-జ-భా UIU, రగణం. న-స-ల III, నగణం.

ఇవన్నీ వరసగా రాయడాన్ని ప్రస్తారం అంటారు. ప్రాచీన ఛందస్సు పండితుడు పింగళుడి ఛందశ్శాస్త్రం నుంచీ ఉన్న పద్ధతి. పాదానికి ఇరవై అక్షరాలుండే కృతి ఛందంలో వృత్తాలు 10,48,576. అందులో మన ఉత్పలమాల 3,55,799వది.

తర్కం_మాత్రమే – మంగళవారం, ఉదయం 9:30

వచ్చింది. "అన్నీ మనవాళ్లే కనిపెట్టారు" పర్వం. మాస్టారూ, బైనరీ అంకగణితాన్ని జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిజ్ 1703లో అచ్చువేశాడు. పద్యాల జాబితా వేరు, లెక్కలు చేసే పద్ధతి వేరు. ఆ 3,55,799 ఎక్కడి నుంచి ఊడిపడింది?

మల్లేశ్వరం_మాస్టారు – మంగళవారం, ఉదయం 10:12

నాయనా, కంప్యూటరు మనదని నేననలేదు. జాబితాలో ఫలానా వృత్తం ఎన్నోదో జాబితా రాయకుండానే చెప్పే పద్ధతిని ఉద్దిష్టం అంటారు. గుర్తుల మీద వరసగా 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ వేయి. లఘువుల మీది అంకెలు మాత్రం కూడు. ఒకటి కలుపు. ఉత్పలమాల భ-ర-న-భ-భ-ర-వ (వ అంటే ఒక లఘువు, ఒక గురువు). కాగితం తీసుకో.

తర్కం_మాత్రమే – మంగళవారం, మధ్యాహ్నం 1:45

చేశాను. UII UIU III UII UII UIU IU. లఘువుల మీద పడ్డవి 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. కూడితే 3,55,798. ఒకటి కలిపితే 3,55,799.

ఇది ద్విసంఖ్యామానమే, అంటే బైనరీయే, ఒప్పుకుంటున్నాను. లైబ్నిజ్ గురించి నేనన్నదీ వెనక్కి తీసుకోను. ఆఫీసులో లంచ్ అవర్ మొత్తం పోయింది.

సున్నా_ఒకటి – మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఆ ఒకటి ఎందుకు కలపాలంటే మాస్టారు ఒకటి నుంచి లెక్కపెడతారు, చిప్పు సున్నా నుంచి. 256 కథ మళ్లీ అదే.

కానీ నా బుర్ర యమాతారాజభానసలగం దగ్గరే ఆగిపోయింది. లఘువు 0, గురువు 1 అనుకుని రాయండి: 0111010001. ఆఖరి "లగం" 01, మొదటి "యమా" కూడా 01. అంటే తోకని తలకి అతికిస్తే ఎనిమిది గుర్తుల చక్రం అవుతుంది, 01110100. ఎక్కడ మొదలుపెట్టి మూడు చదివినా వేరే గణం. ఏదీ రెండోసారి రాదు.

అమ్మగారూ, ప్రాజెక్టు దొరికింది. పాత సీడీ ఒకటి తీసుకోండి, దాని మీద ఎనిమిది సమాన ముక్కలు గీయండి. తెలుపు, నలుపు, నలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు. బీఓ చక్రానికి డబల్ టేపుతో అంటించండి. ఎదురుగా ఒక్కో ముక్క దూరంలో మూడు ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సార్లు, టీసీఆర్‌టీ 5000 అని అడగండి, సీడీకి రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి. మూడూ కలిపి ఏ గణం చెబితే చక్రం ఆ మూలన ఉన్నట్టు, 45 డిగ్రీల ఖచ్చితత్వంతో. మోటారు తిప్పేది, సెన్సార్ అనలాగ్, నలుపా తెలుపా అనే తీర్పు డిజిటల్, గణం బైనరీ. టీచరు అడిగిన నాలుగూ వచ్చేశాయి.

స్కూటర్_మెకానిక్ – మంగళవారం, రాత్రి 11:30

నేను మారతహళ్లిలో ఎలక్ట్రిక్ బండ్లు చూస్తా. ఇప్పుడే షాపు మూసి చదివిన. దిమ్మ తిరిగింది.

చక్రంలనే ఉండే హబ్ మోటారులో అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సార్లు మూడుంటయి. రోటరు అయస్కాంతం ఏడ ఉందో అవి చెబితేనే ఏ కాయిల్‌కి కరెంటు ఇయ్యాలో కంట్రోలర్‌కి తెలుస్తది. బ్రష్ పని ఇక్కడ ఈ మూడు సెన్సార్లు చేస్తయి. మేం 101, 100, 110, 010, 011, 001 అని రాసుకుంటం. మాస్టారు లెక్కల ఇవి ర, భ, త, జ, య, స. ఆరే. మూడూ ఒకటి కావు, మూడూ సున్నా కావు. మా బండ్లల్ల మగణం, నగణం రానే రావొద్దు. వచ్చిందంటే ఒక సెన్సార్ పోయినట్టే. నిజంగ చూస్కోండి, ఏ ఒక్క సెన్సార్ 1 దగ్గర ఇరుక్కున్నా చక్రం తిప్పితే ఏడనో ఒకచోట 111 వస్తది. 0 దగ్గర ఇరుక్కుంటే 000 వస్తది. కంట్రోలర్ అక్కడ్నే ఎర్రర్ పడేస్తది.

రేపటి నుంచి కస్టమర్లకి "మీ బండికి నగణం వస్తోంది సార్" అని చెప్తా.

మల్లేశ్వరం_మాస్టారు – బుధవారం, ఉదయం 5:40

నలభై ఏళ్లు గణాలు చెప్పాను. ఏ విద్యార్థీ స్కూటరుకి పెట్టలేదు.

కేఆర్‌పురం_అమ్మ – శనివారం, సాయంత్రం 4:55

సీడీ తిరుగుతోంది, స్పీడు 90 దగ్గర. గణాలూ వస్తున్నాయి కానీ మూడు గోలలు.

ఒకటి, నల్ల స్కెచ్ పెన్‌తో రంగు వేస్తే సెన్సార్ దాన్ని తెలుపే అంటోంది. మా కళ్లకి కారు నలుపు! రెండు, పొద్దున బాగా వచ్చింది, మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడగానే అన్నీ న న న న. మూడు, రగణం నుంచి జగణానికి మారేటప్పుడు మధ్యలో ఏవేవో గణాలు మెరిసి పోతున్నాయి. మిగతాచోట్ల అంత లేదు.

సున్నా_ఒకటి – శనివారం, సాయంత్రం 6:30

మూడూ మంచి గోలలే.

స్కెచ్ పెన్: సెన్సార్ చూసేది ఇన్‌ఫ్రారెడ్‌లో. మన కంటికి నల్లగా ఉండే కొన్ని సిరాలు ఆ వెలుగుని మింగవు, వెనక్కి పంపేస్తాయి. ఎలక్ట్రీషియన్ల నల్ల ఇన్సులేషన్ టేపు కత్తిరించి అంటించండి.

ఎండ: ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. సీడీ నుంచి వచ్చిందో సూర్యుడి నుంచి వచ్చిందో సెన్సార్‌కి తెలియదు, అంతా తెలుపే అనుకుంటుంది. తెలుపు లఘువు, మూడు లఘువులు నగణం. చెప్పుల డబ్బా అట్ట కోసి గొడుగు కట్టండి.

ఇక్కడే అనలాగ్ అంటే ఏమిటో పాపకి చూపించండి. సెన్సార్ బోర్డులో ఏఓ (అనలాగ్), డీఓ (డిజిటల్) అని రెండు పిన్నులుంటాయి. డీఓ వదిలేసి ఏఓ వాడండి. ఊనో ఐదు వోల్టులని 1024 మెట్లుగా కోసి 0 నుంచి 1023 వరకు అంకె ఇస్తుంది, మెట్టుకి దాదాపు 4.9 మిల్లీ వోల్టులు. చేత్తో సీడీని మెల్లగా తిప్పుతూ అంకె చూడండి. టేపు అంచు దాటేటప్పుడు అది ఒక్క గంతులో మారదు, జారుతుంది. ఆ జారే చోట "512 దాటితే నలుపు" అని ఒకే గీత పెడితే గీత మీద ఊగిసలాడి వంద తీర్పులు ఇస్తుంది. రెండు గీతలు పెట్టండి. 600 దాటితే గురువు, 400 కిందికి పడితే లఘువు, మధ్యలో ఉంటే పాత తీర్పే.

రగణం UIU, జగణం IUI. మూడు గుర్తులూ ఒకేసారి తిరగబడాలి, మూడు సెన్సార్లూ ఒకే క్షణాన మారవు. ఆ సందులో దొంగ గణాలు దూరతాయి. మెకానిక్ గారి ఆరు గణాల వరసలో ఒకసారికి ఒక్క గుర్తే మారుతుంది, చూసుకోండి. అందుకే వాళ్లకి ఈ బాధ లేదు. మన చక్రంలో ర తర్వాత రాగలిగింది జ, వెనక్కి తిరిగితే త. ఇంకేది కనబడ్డా పట్టించుకోవద్దని కోడ్‌లో ఒక ముక్క రాయండి. రాసి పంపుతాను.

తర్కం_మాత్రమే – శనివారం, రాత్రి 7:02

ఒక సూచన. గణం పేరు చూపించడానికి రెండు వరసల చిన్న ఎల్‌సీడీ వాడండి. అందులో తెలుగు అక్షరాలు ఉండవు, కానీ సొంత అక్షరాలు గీసుకోవడానికి చోటు ఉంటుంది. ఎన్నింటికో తెలుసా? సరిగ్గా ఎనిమిది. ఇది కాకతాళీయమే, పింగళుడికి అంటగట్టవద్దు.

కేఆర్‌పురం_అమ్మ – గురువారం, రాత్రి 9:15

ఎగ్జిబిషన్ అయిపోయింది. రెండో బహుమతి వచ్చింది, మొదటిది అగ్నిపర్వతానికి.

256 నొక్కడానికి పిల్లలు వరస కట్టారు. ఎల్‌సీడీ అక్షరాలు పాపే గీసింది, గళ్ల నోటుబుక్కులో అయిదు నిలువు గళ్లు, ఎనిమిది అడ్డం వరసలు, నింపిన గడికి 1, ఖాళీకి 0. 01110 అంటే 14 అని ఇప్పుడు నోటికి చెప్తోంది. న, స బాగా కుదిరాయి. భ ఎంత గింజుకున్నా కింది ఒత్తుకి చోటు చాలలేదు, బ లాగే వచ్చింది. జడ్జిగారు తెలుగావిడే, "బగణం ఏంటమ్మా?" అని అడిగేశారు.

మల్లేశ్వరం_మాస్టారు – శుక్రవారం, ఉదయం 5:35

బగణం అనేది లేదు కనక భగణమనే చదువుకోవాలని చెప్పవలసింది.

స్కూటర్_మెకానిక్ – శుక్రవారం, ఉదయం 8:10

మా కంట్రోలర్ అయితే ఎర్రర్ పడేసి బండి ఆపేసేది మాస్టారూ.